పీరియడ్స్ కప్పు పెట్టినా లీక్ ఆగట్లేదు, సాయంత్రం నుంచి తల పట్టుకుని కూర్చున్నాను

కోట జంక్షన్ (రాత్రి 10:50)
ఎవరైనా దారి చెప్పండి. మూడు నెలలుగా పీరియడ్స్‌లో ప్యాడ్ బదులు లోపల పెట్టుకునే మెన్‌స్ట్రువల్ కప్పు వాడుతున్నాను. వీడియోలన్నీ చూసి, ఎంతో ఆలోచించి కొన్నాను. ఇవాళ రెండో రోజు. పొద్దున్నుంచి నాలుగుసార్లు తీసి మళ్ళీ పెట్టాను. కప్పుని మడిచి పెట్టే పద్ధతులు, సి మడత, ఏడు మడత, అన్నీ అయ్యాయి. వేలితో చుట్టూ తిప్పి చూశాను, బాగానే విచ్చుకుంది. అయినా లీక్. నా పని బట్టల షాపులో. పై అరలోంచి చీరల కట్ట దించేసరికి యూనిఫాం చీర తడిసింది. కౌంటర్ వెనకాలే నిలబడిపోయాను, కస్టమర్ పిలుస్తున్నా కదల్లేదు. పక్క సెక్షన్ అమ్మాయి చున్నీ తెచ్చి నడుముకి చుట్టింది. దసరా నుంచి పైడితల్లమ్మ సిరిమాను పండగ దాకా మాకు కూర్చోవడమే ఉండదు. పెద్ద సైజు కొననా? మళ్ళీ ప్యాడ్‌కే వెళ్ళిపోనా?

బొబ్బిలి వీణ (10:58)
ఇప్పుడున్నది ఏ సైజండి? పిల్లలు పుట్టాక చిన్న సైజు నిలవదు కొందరికి. లేదంటే నిండి పొంగిందేమో, నాకు రెండో రోజు నాలుగు గంటలకే నిండిపోతుంది.

కోట జంక్షన్ (11:02)
మీడియం. తీసినప్పుడు సగం కూడా లేదు. అదే అర్థం కావట్లేదు.

మొక్కల పిచ్చి (11:09)
ప్యాడ్ మాట మాత్రం ఎత్తకండి. ఒకసారి పెద్ద చెరువు గట్టు మీద పొద్దున్నే నడిచి చూడండి, నల్ల కవర్లలో ఏముంటాయో తెలుస్తుంది. 2018 జూలైలో ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ ఎత్తేశారని అందరూ సంబరపడ్డారు. చవకయితే మంచిదే, కాదనను. వాడి పారేసినవి ఎక్కడికి పోతాయని మాత్రం ఎవరూ అడగలేదు. నేను పాత కాటన్ చీర మూడు మడతలు వేసి, మధ్యలో ఫ్లానెల్ పెట్టి కుట్టుకుంటాను. చల్లనీళ్ళలో నానబెట్టి ఉతికి ఎండలో వేస్తే ఏళ్ళ తరబడి వస్తాయి. కొలతలు కావాలంటే చెప్తాను.

కోట జంక్షన్ (11:12)
గుడ్డ మా అమ్మ వాడింది అక్కా. వానాకాలంలో మంచం కింద ఆరేసిన ఆ వాసన ఇంకా గుర్తుంది. నాకు వద్దు.

నాగావళి గట్టు (11:13)
లేడీ డాక్టర్‌కి చూపించండి. ఇక్కడ తేలదు.

కోట జంక్షన్ (11:15)
సెలవు దొరికితే ఇక్కడెందుకు అడుగుతానండి?

రిటైర్డ్ స్టాఫ్ నర్స్, శ్రీకాకుళం (11:26)
ఒలమ్మా, ఒక్క మాట చెప్పు. తడిసింది ఎర్రగా ఉందా, నీళ్ళలా ఉందా? కట్ట దించినప్పుడే అన్నావు. దగ్గినా తుమ్మినా కూడా అవుతుందా? కాన్పులెన్ని?

కోట జంక్షన్ (11:41)
ఎరుపు లేదు. చీర నీలం కదా, అప్పుడు సరిగా చూసుకోలేదు. ఇప్పుడు లోపలి లంగా చూశాను. యూరినే. రెండో బాబు పుట్టినప్పటి నుంచీ తుమ్మితే కొంచెం పడుతుంది. అందరికీ ఉండేదే కదా అని రాయలేదు. ఇద్దరూ నార్మలే. రెండోవాడు 3.9 కిలోలు. కాపర్ టీ కూడా ఉంది, అది చెప్పాలా?

బొబ్బిలి వీణ (11:43)
అయ్యో! ఇంతసేపూ సైజు గురించి మాట్లాడుకున్నాం. లీక్ అంటే బ్లీడింగ్ అనుకుంటారు కదండి ఎవరైనా. యూరిన్ అయితే కంట్రోల్ లేదని రాయాలి.

జీడితోట (11:47)
లీక్ అనే అంటారు. మా ఆడపడుచుకి డాక్టరమ్మే స్ట్రెస్ లీక్ అని చెప్పారు.

బొబ్బిలి వీణ (11:48)
అంటే టెన్షన్ వల్ల వచ్చేదా? ఈవిడకి షాపు టెన్షన్ ఉన్నట్టే ఉంది.

జీడితోట (11:50)
మనసు టెన్షన్ కాదండి. దగ్గినా, నవ్వినా, బరువెత్తినా కడుపులో ఒత్తిడి పెరిగి పడుతుంది, ఆ స్ట్రెస్. బాత్రూం గుమ్మం దగ్గరికి వచ్చేలోపే పడిపోవడం వేరే రకం, దాని మందులు వేరు.

రిటైర్డ్ స్టాఫ్ నర్స్, శ్రీకాకుళం (ఉదయం 6:10)
రాత్రి కళ్ళు మూతపడ్డాయి. ఇప్పుడు చెప్తాను. కప్పు ఉండే చోటుకి ముందువైపే మూత్రనాళం, ఆ పైన మూత్రసంచి. మధ్యలో పల్చని గోడ. గట్టి కప్పు విచ్చుకుంటే ఆ గోడని నొక్కుతుంది. అప్పుడు కొందరికి ధార ఆగి ఆగి వస్తుంది, వెళ్ళొచ్చిన అరగంటకే మళ్ళీ వెళ్ళాలనిపిస్తుంది. నీకు అలా ఉందా? ఉంటే అదే మీడియంలో మెత్తటి రకం వాడి చూడు, కాడ గుచ్చుకుంటే కత్తిరించు. పెద్ద సైజు కొంటే నీ ఇబ్బంది పెరుగుతుంది. కొందరికి మాత్రం ఇదే కప్పు లోపలి నుంచి ఆనికగా ఉండి యూరిన్ పడటం తగ్గుతుంది. ఎవరి ఒళ్ళు వారిది, పెట్టి చూడాల్సిందే.

తీసేటప్పుడు ఎలా తీస్తున్నావు? ముక్కి, కాడ పట్టి లాగడమేనా? అది మానేయాలి. కింద అడుగుభాగం నొక్కితే గాలి పోయి పట్టు వదులుతుంది, అప్పుడు మెల్లగా తీయాలి. లేకపోతే ఆ పీల్చుడుకి లోపలి గోడలు కిందికి లాగినట్టవుతాయి. దారం లాగినట్టయి కాపర్ టీ కూడా ఊడి రావచ్చు. మీ డాక్టరమ్మకి కప్పు వాడుతున్నానని చెప్పు, అవసరమైతే దారం పొట్టిగా కత్తిరిస్తారు.

ఇంకొకటి. సాయంత్రానికి కింద బరువుగా, ఏదో గుడ్డు జారి వస్తున్నట్టు ఉంటుందా? ఉంటే పరీక్ష అయ్యేదాకా కప్పు పక్కన పెట్టు.

కోట జంక్షన్ (6:32)
ధార ఆగి ఆగి రావడం ఉందండి, కప్పు పెట్టిన రోజుల్లోనే. బరువు కూడా ఉంటుంది, పన్నెండు గంటలు నిలబడితే ఎవరికైనా ఉంటుందనుకున్నాను. తీసేటప్పుడు లాగేస్తాను. షాపు బాత్రూంలో తలుపు గడియ సరిగా పడదు, భయంతో గబగబా. మరి ప్యాడ్ పెట్టుకున్న నెలల్లో కూడా తొడలు ఒరుసుకుపోయి మండేవి.

రిటైర్డ్ స్టాఫ్ నర్స్, శ్రీకాకుళం (6:45)
మండదా మరి! ఆ ప్యాడ్ చేసింది చిక్కటి రక్తం మెల్లగా వస్తే పీల్చడానికి. యూరిన్ పల్చన, ఒక్కసారిగా వస్తుంది, పక్కనుంచి జారిపోతుంది. మెడికల్ షాపులో యూరిన్ ప్యాడ్ అని విడిగా అడుగు, అందులో నీటిని గడ్డకట్టించే పొడి ఉంటుంది. పరీక్ష అయ్యాక కప్పు వాడొచ్చంటే, లోపల కప్పు, బయట పల్చటి యూరిన్ ప్యాడ్ అయితే రెండు పనులూ జరుగుతాయి. కప్పు మానేసిన రోజుల్లో ఎక్కువ పడితే ప్యాంట్ టైప్ డైపర్ ఒకటి పెట్టుకో, సిగ్గేం లేదు. నాలుగు గంటలకోసారి మార్చు.

మొక్కల పిచ్చి (6:58)
మళ్ళీ ప్లాస్టిక్కే.

జీడితోట (7:03)
ఆవిడ చీర తడిసిపోయి నిలబడింది, మీకు చెరువు గట్టు గొడవ.

బొబ్బిలి వీణ (7:20)
కప్పు బదులు లోపల పెట్టుకునే డిస్క్ కూడా ఉంటుందండి. ముందెముక వెనక ఆనించి పెడతారు, పీల్చి పట్టుకోదు కాబట్టి మూత్రనాళం మీద నొక్కుడు తక్కువని నా ఫ్రెండ్ అంటుంది. కాకపోతే ముక్కితే అది ఒంగి పారబోసేస్తుందట.

ఫిజియో చెల్లి (9:15)
కెగెల్ ఎవరూ చెప్పలేదేంటి? 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే డాక్టర్ రాసిన వ్యాయామం, ఇప్పటికీ స్ట్రెస్ లీక్‌కి మొదట చేయించేది అదే. యూరిన్ ఆపుకునే కింది కండరాన్ని లోపలికి, పైకి లాగినట్టు బిగించాలి. 8 సార్లు, రోజుకి 3 పూటలు, కనీసం 3 నెలలు. పిరుదులు బిగించి చేశాననుకునేవాళ్ళే ఎక్కువ.

కోట జంక్షన్ (9:20)
యూరిన్ మధ్యలో ఆపడమే కదా? నేను చేస్తున్నాను.

ఫిజియో చెల్లి (9:24)
అది వద్దు! ఏ కండరమో తెలుసుకోవడానికి ఒక్కసారంటే సరే, రోజూ అలా చేస్తే పూర్తిగా ఖాళీ అవదు. ఇంకొకటి, కొందరికి కండరం వదులు కాదు, బిగుసుకుపోయి ఉంటుంది. వాళ్ళకి కెగెల్ చేస్తే నొప్పి పెరుగుతుంది. కప్పు పెట్టేటప్పుడు కూడా నొప్పి ఉంటుంది. మీ కండరం వదులో, బిగుసుకుందో చేత్తో పరీక్షించి చెప్పాలి. ఈలోపు చీరల కట్ట ఎత్తే ముందు ఒకసారి బిగించి, ఊపిరి వదులుతూ ఎత్తండి. దీనికి మూడు నెలలు ఆగక్కర్లేదు, ఇవాళే చేసి చూడండి.

జీడితోట (9:40)
అక్కా, నీళ్ళు తాగుతున్నారా?

కోట జంక్షన్ (9:43)
బాత్రూం మూడో అంతస్తులో. పొద్దున టీ తాగితే మళ్ళీ మధ్యాహ్నం భోజనం దగ్గరే నీళ్ళు.

జీడితోట (9:52)
ఉద్దానం మనిషిగా చెప్తున్నాను, ఆ పని చేయకండి. మా ఊళ్ళో కిడ్నీ పోయిన మనుషులని చూసి పెరిగాను. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబర్‌లో తెరిచారు, అంతకుముందు డయాలసిస్‌కి విశాఖ వెళ్ళినవాళ్ళున్నారు మా ఇంట్లోనే. నీళ్ళు...

నాగావళి గట్టు (9:53)
అది వేరే జబ్బు.

జీడితోట (9:55)
వేరేదే, నాకూ తెలుసు. నీళ్ళు మానకూడదనే చెప్తున్నా.

రిటైర్డ్ స్టాఫ్ నర్స్, శ్రీకాకుళం (10:30)
ఇద్దరూ ఆగండి. నీళ్ళు తగ్గిస్తే యూరిన్ చిక్కబడి సంచి ఇంకా చికాకు పడుతుంది, ఇన్ఫెక్షన్ కూడా రావచ్చు. టీ తగ్గించు, నీళ్ళు కాదు. మంట, జ్వరం ఉంటే యూరిన్ టెస్ట్ ఆలస్యం చేయకు. బరువుగా ఉందన్నావు కాబట్టి గర్భసంచి జారిందో లేదో చూపించుకోవడం మాత్రం తప్పదు తల్లీ.

ఫిజియో చెల్లి (10:34)
గర్భసంచే కానక్కర్లేదు మేడమ్. ఈ లక్షణాలకి మూత్రసంచి జారడం కూడా అయ్యుండొచ్చు.

రిటైర్డ్ స్టాఫ్ నర్స్, శ్రీకాకుళం (10:41)
ముప్పై రెండేళ్ళు లేబర్ రూంలో చేశానమ్మా. జనం రెంటినీ గర్భసంచి జారిందనే అంటారు, అలా అడిగితేనే చెప్తారు. ఏది జారిందో చూసేవాళ్ళు చూస్తారు.

కోట జంక్షన్ (రాత్రి 10:15)
థాంక్స్ అందరికీ. యూరిన్ ప్యాడ్ తెచ్చాను, కప్పు తీసేశాను. కట్ట ఎత్తేముందు బిగించాను, రెండుసార్లు పడలేదు, ఒకసారి పడింది. సిరిమాను అయ్యాక బుధవారం సెలవు అడిగాను.

మెంటాడ కోడలు (10:48)
నాకూ ఇదే ఉంది, కానీ నాది ఆపరేషన్ కాన్పు. మరి నాకెందుకు పడుతోంది?