రొయ్యల గుంతల లెక్కల పుస్తకాలతో కళ చేయవచ్చా? హాన్స్ హాకే దారి గురించి తెలిసినవారు చెప్పగలరు

ప్రశ్న (పెన్నగట్టు):

నమస్కారం. మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. ఫైన్ ఆర్ట్స్‌లో డిగ్రీ పూర్తిచేసి రెండేళ్లయింది. మా నాన్న 1993 నుంచి రొయ్యల గుంతలు సాగుచేస్తూ, గుంతకొక పుస్తకం చొప్పున లెక్కలు రాసి ఉంచారు. ఉదయం ఆరు గంటల పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె), నీటి ఉప్పు శాతం, వేసిన మేత, చెక్ ట్రేలో (రొయ్యలు ఎంత తిన్నాయో చూడడానికి గుంతలో దించే పళ్లెంలో) మిగిలిన మేత, చచ్చి గట్టుకు చేరిన రొయ్యలు, అన్నీ వరుసగా ఉంటాయి. 1994లో తెల్లమచ్చ తెగులు తగిలిన గుంత పుస్తకంలో అంకెలు నాలుగు రోజులు సాగి, అయిదో రోజున పేజీకి అడ్డంగా ఒక గీత ఉంది. ఆ తర్వాత పుస్తకమంతా ఖాళీ. ఆ పేజీ చూసినప్పుడల్లా దీనికి నేను కొత్తగా చేర్చవలసినది ఏముందా అనిపిస్తుంది.

డేటాతో పనిచేసే కళాకారుల్లో హాన్స్ హాకే పేరు తరచుగా వింటున్నాను. ఆయన వృత్తి జీవితం ఎలా సాగింది, ప్రోగ్రామింగ్ రాకుండా ఆ దారిలో నడవడం కుదురుతుందా అన్నది తెలుసుకోవాలని ఉంది. లెక్కల పుస్తకాలు గోడకు తగిలిస్తే ఎవరు కొంటారని ఇంట్లో అడుగుతున్నారు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు 1 (ఒంగోలు డ్రాయింగు మాస్టారు):

హాకే 1936లో జర్మనీలోని కొలోన్‌లో పుట్టి, 1960లలో న్యూయార్క్‌లో స్థిరపడ్డారు. ఆయన అంకెల దగ్గరికి నేరుగా రాలేదు, నీటి మీదుగా వచ్చారు. 1963-65 నాటి ఒక పనిలో పారదర్శకమైన పెట్టెలో కొద్దిగా నీరు పోసి మూసివేశారు. గది వేడిని బట్టి లోపలి గోడలకు ఆవిరి పట్టి, బొట్లుగా జారుతూ ఉంటుంది, అంతే. తర్వాత ఆయన చూపు గదిలోకి వచ్చే మనుషుల మీదికి మళ్లింది. 1969లో ఒక గ్యాలరీలో, వచ్చినవారు తాము పుట్టిన చోటును, నివసించే చోటును పటాల మీద గుండుసూదులతో గుచ్చి చూపేలా ఏర్పాటు చేశారు. 1970లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో రెండు పారదర్శకమైన బ్యాలట్ పెట్టెలు పెట్టి, అమెరికా అధ్యక్షుడు నిక్సన్ ఇండోచైనా (వియత్నాం యుద్ధ) విధానాన్ని న్యూయార్క్ గవర్నర్ రాక్‌ఫెలర్ ఖండించకపోవడం మీరు ఆయనకు ఓటు వేయకపోవడానికి కారణమవుతుందా అని సందర్శకులను అడిగారు. అవునన్న పెట్టె రెండోదానికంటే దాదాపు రెట్టింపు నిండింది. ఆ మ్యూజియం ధర్మకర్తల్లో రాక్‌ఫెలర్ ఒకరని గుర్తుపెట్టుకుంటే, ఆ పెట్టెలు ఎక్కడ నిలబడ్డాయో అర్థమవుతుంది.

అసలు దెబ్బ 1971లో తగిలింది. మాన్‌హట్టన్‌లోని పేదల పేటల్లో ఒకే వర్గం చేతిలో ఉన్న భవనాల ఫోటోలను, వాటి యాజమాన్యం, తనఖాల వివరాలను టైపు చేసిన కాగితాలతో జోడించి, న్యూయార్క్‌లోని గుగ్గెన్‌హైమ్ మ్యూజియంలో ప్రదర్శించడానికి సిద్ధం చేశారు. రహస్యమేమీ లేదు, అంతా ప్రభుత్వ రికార్డుల నుంచి తీసినదే. మనం సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీసుకున్నట్టే అనుకోండి. అయినా డైరెక్టర్ థామస్ మెస్సర్ ప్రదర్శనను రద్దుచేశారు. హాకే పక్షాన నిలిచిన క్యురేటర్ ఎడ్వర్డ్ ఫ్రై ఉద్యోగం పోయింది.

కాబట్టి ప్రోగ్రామింగ్ గురించి దిగులు వద్దు. గుండుసూదులు, ఓటు కాగితాలు, టైపు రైటరు, ఇవే ఆయన సామగ్రి. ఏ వివరాన్ని ఎవరి గోడ మీద పెట్టాలో తెలియడమే ఆయన నేర్పు. ఎవరు కొంటారన్న ప్రశ్నకు కూడా ఆయన జీవితంలోనే జవాబు ఉంది. 1967 నుంచి 2002 వరకు న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ కళాశాలలో పాఠాలు చెప్పారు, అంటే మ్యూజియం తలుపు మూసినా జీతం ఆగలేదు. 1993లో వెనిస్ బియెన్నాలెలో (రెండేళ్లకోసారి జరిగే అంతర్జాతీయ కళా ప్రదర్శనలో) జర్మనీ మంటపపు పాలరాతి నేలను పగలగొట్టి ఉంచారు. అదే మంటపంలో పాల్గొన్న మరో కళాకారుడు నామ్ జూన్ పైక్‌తో కలిపి, ఆ మంటపానికి గోల్డెన్ లయన్ బహుమతి దక్కింది. పాఠం చెప్పుకుంటూ బతకడం కళాకారుడికి చిన్నతనమని మన దగ్గర అనుకుంటారు. నేను ముప్పై ఏళ్లు ఆ పనే చేశాను కనుక ఈ మాట కొంత పక్షపాతంతోనే అంటున్నాను.

జవాబు 2 (నెల్లూరు ఆక్వా ల్యాబు):

కళ గురించి నాకు తెలిసినది తక్కువ. నీటి పరీక్షల పనిలో ఉన్నాను కనుక ఒక సంగతి మాత్రం చెబుతాను. రాత్రంతా పాచి, రొయ్యలు ఆక్సిజన్ పీల్చి కార్బన్ డయాక్సైడ్ వదలడం వల్ల తెల్లవారేసరికి గుంతలో ఆక్సిజన్, పీహెచ్ రెండూ బాగా తగ్గుతాయి. ఎండ ఎక్కి పాచి పనిలో పడ్డాక రెండూ పెరుగుతాయి. మీ నాన్నగారు ఉదయం అంకె మాత్రమే రాశారంటే, ఆ పుస్తకాల్లో గుంత ఎప్పుడూ కష్టంలో ఉన్నట్టే కనిపిస్తుంది. పైగా రంగుల కార్డు పక్కన గాజు గొట్టం పెట్టి కంటితో పోల్చే కిట్ అయితే, 7.8ని 8 అని రాయడం మామూలే. కాబట్టి ఆ అంకె ఎవరు, ఏ వేళ, దేనితో చూసి రాశారో కూడా చూపించండి.

హాకే 1972లో క్రేఫెల్డ్ అనే ఊరి మ్యూజియంలోకి రైన్ నది మురికి నీటిని తెప్పించి, శుద్ధిచేసి, గోల్డ్‌ఫిష్ తొట్టిలోకి వదిలారని చదివాను. మిగిలిన నీరు వెనకనున్న తోటలోకి పోయేదట. ఆయన పనుల్లో నాకు పూర్తిగా అర్థమైనది అదొక్కటే.

జవాబు 3 (కొత్తపట్నం):

పుస్తకాల్లో మేత వ్యాపారికి ఉన్న బాకీ, సీడు అప్పు, కూలీల పేర్లు కూడా ఉంటాయి కదా? హాకే వెలికితీసినది బలవంతుల ఆస్తి, మీ దగ్గరున్నది సొంతవాళ్ల అప్పు, రెండింటినీ ఒకే గాటన కట్టలేము. మీరు హసన్ ఎలాహీ పని చూడండి. 2002లో అమెరికాలో విమానాశ్రయంలో అనుమానంతో ఆపి ప్రశ్నించిన తర్వాత, ఆయన తాను ఎక్కడున్నదీ, ఏం తిన్నదీ ఫోటోలతో సహా అందరికీ కనబడేలా తానే పెట్టడం మొదలుపెట్టారు. బయటపెట్టినది తన జీవితాన్ని మాత్రమే. అలాగే బోస్టన్‌లో నటాలీ మీబాక్ వాతావరణపు అంకెలను బుట్టల అల్లికగా మారుస్తారు. అల్లిక నిలువూ అడ్డమూ ఆమెకు గ్రాఫు గీతలవుతాయి. మన వైపు వెదురు బుట్టలు అల్లేవారి పక్కన నాలుగు రోజులు కూర్చుంటే మీకే ఒక దారి కనిపించవచ్చు.

పెన్నగట్టు:

అందరికీ ధన్యవాదాలు. పేర్లూ బాకీలూ ఉన్న పేజీలను పక్కన పెట్టాను. ల్యాబు వారి మాట మీద నిన్న రాత్రి పుస్తకాలు ముందు పరిచి, ఏది ఎవరు రాశారని నాన్నను అడిగాను. సాయంత్రం కూడా పీహెచ్ చూసేవారట, కానీ అప్పటికి చేతులు బురదగా ఉండి రాసేవారు కాదట. 1994 నాటి అడ్డగీత మాత్రం తాను గీసినది కాదని, ఆ రోజు ఆయన గుంత దగ్గర నుంచి ఇంటికి రానేలేదని, అమ్మ గీసి పుస్తకాన్ని దూలం మీద పెట్టేసిందని చెప్పారు. ఇప్పుడు చేతివ్రాతలు వేరుచేస్తూ మొదటి పుస్తకం నుంచి మళ్లీ చూస్తున్నాను. అమ్మ అంకెలు మూడు పుస్తకాల్లో దొరికాయి.