గోవా టోర్నమెంట్‌కి ఫ్రెండ్ వాటా అమ్ముతున్నాడు, లేదంటే అప్పు ఇమ్మంటున్నాడు. ఏది నయం?

సిరిపురం_సెవెన్:
మా వైజాగ్ ఎంవీపీ కాలనీ బ్యాచ్‌లో ఒకడు వచ్చే నెల గోవాలో పోకర్ టోర్నమెంట్‌కి వెళ్తున్నాడు. ఎంట్రీ 50,000. అందులో 30 శాతం వాటా 1.2 మార్కప్‌తో (అసలు ధరకి 1.2 రెట్లు) తీసుకోమంటున్నాడు. అది వద్దనుకుంటే 20,000 చేబదులు ఇస్తే చాలట, గెలిస్తే "నీకూ ఏదో చూస్తాలే" అంటున్నాడు. ఆట బాగానే ఆడతాడు. రెండింట్లో దేనికి రిస్కు తక్కువ? కాగితం రాయించుకుంటే పనికొస్తుందా?

రివర్_రాజా:
ముందు ఆ "ఏదో చూస్తాలే" సంగతి తేల్చండి. అప్పంటే గెలిచినా ఓడినా అసలు తిరిగి రావాలి, గెలుపులో మీకు భాగం ఉండదు. స్టేకింగ్ (వాటా కొనడం) అంటే ఓడితే మీ డబ్బు పోయినట్టే, మళ్ళీ అడగకూడదు. గెలిస్తే వాటా. ఆయన చెప్పేది రెండూ కలిపిన కలగూరగంప. ఓడితే "స్టేకే కదా" అంటారు, గెలిస్తే "అప్పే కదా, ఇదిగో నీ ఇరవై వేలు" అంటారు.

ఇక లెక్క. 50,000లో 30 శాతం 15,000. మార్కప్ వేస్తే మీ చేతి నుంచి పోయేది 18,000. ఆ పై 3,000 ఆయన ఆటకి మీరు కడుతున్న ఖరీదు. అది గిట్టుబాటు కావాలంటే ఆయన సగటు లాభం ఎంట్రీల మీద 20 శాతం దాటాలి, అదీ పన్ను కోత పోయాక. కాబట్టి గతంలో ఆడిన టోర్నమెంట్లన్నిటి ఎంట్రీలూ ప్రైజులూ అడిగి చూడండి. ఇరవై ముప్పై టోర్నమెంట్ల లెక్క మాత్రమే చూపిస్తే అందులో ఆట ఎంతో, అదృష్టం ఎంతో తేలదు.

రీఎంట్రీ (అవుటయ్యాక మళ్ళీ డబ్బు కట్టి చేరడం) సంగతి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. రాత్రి పదకొండింటికి ఫోన్ వస్తుంది: "అవుటయ్యాను, రిజిస్ట్రేషన్ ఇంకో పావుగంటే ఉంది, 18,000 ఫోన్‌పే కొట్టు." అప్పుడు మొహమాటానికి కొట్టేస్తారు. మీ వాటా ఒక్క బుల్లెట్‌కా (అంటే ఒక్క ఎంట్రీకా), అన్నిటికా అన్నది ముందే ఉండాలి.

గాజువాక_గ్రైండర్:
మొత్తం ఎంత శాతం అమ్మాడో అడిగారా? అసలు మోసం అక్కడుంటుంది. ఒకడు 50,000 ఎంట్రీకి 150 శాతం అమ్మాడనుకోండి, మార్కప్ లేకుండానే 75,000 చేతికొస్తుంది. మొదటి గంటలోనే అవుటైతే 25,000 మిగులు. గెలిస్తే ప్రైజుకి ఒకటిన్నర రెట్లు పంచాలి. అంటే వాడికి ఓడితేనే లాభం! ఎవరెవరికి ఎంత అమ్మాడో అందరూ ఉన్న వాట్సాప్ గ్రూపులో జాబితా పెట్టమనండి. పెట్టనంటే వదిలెయ్యండి.

ఒక్క టోర్నమెంట్‌తో ఆగకుండా వరసగా స్టేక్ చేద్దాం అంటే మేకప్ మాట వస్తుంది, అంటే ఓడిన సొమ్మంతా తర్వాతి గెలుపుల్లోంచి ముందు తీరాకే ఆడినవాడికి వాటా. మూడు ఎంట్రీలు, ఒక్కోటి 40,000. మొదటి రెండూ పోయాయి, మూడోదాంట్లో 1,00,000 వచ్చింది. ఆడినవాడికి గెలిచినట్టే ఉంటుంది. కానీ పెట్టింది 1,20,000, ఇంకా 20,000 మేకప్ మిగిలే ఉంది కాబట్టి వాడి చేతికి సున్నా. మేకప్ పెరిగేకొద్దీ వాడికి మీ డబ్బుతో ఆడాలనే ఆసక్తి పోతుంది. ఒకేసారి బయటపడాలని అడ్డగోలుగా ఆల్‌ఇన్ (ఉన్నదంతా ఒకేసారి పందెం) వేస్తాడు, లేదా చడీచప్పుడు లేకుండా ఇంకో బ్యాకర్‌ని (డబ్బు పెట్టేవాణ్ణి) పట్టుకుంటాడు. అందుకే మేకప్ ఎంత దాటితే ఆపాలో, మధ్యలో మానేస్తే ఆ బాకీ ఉంటుందో రద్దవుతుందో మొదటిరోజే అనుకోవాలి.

దస్తావేజు:
కాగితం గురించి. కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెపు ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ము ఇప్పించమని దావా వెయ్యలేరు. 1959లో ఘెరూలాల్ పారఖ్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి ఒప్పందం చెల్లకపోయినా దానంతటదే చట్టవిరుద్ధం కాదంది. ఆ లెక్కన అప్పు ఇచ్చినవాడికి కొంత దారి ఉంటుంది. కానీ మన ఆంధ్రప్రదేశ్‌లో 1974 గేమింగ్ చట్టం ఉంది, 2020లో ఆన్‌లైన్‌నీ అందులో చేర్చారు. చట్టం వద్దన్న ఆటకని తెలిసీ ఇచ్చారని తేలితే కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 (చట్టవిరుద్ధమైన పనికి చేసుకున్న ఒప్పందం చెల్లదనేది) అడ్డం వస్తుంది. ఇక ఆన్‌లైన్‌లో ఆడతానని అడిగితే మాట్లాడే పనే లేదు, 2025 ఆగస్టులో కేంద్రం చట్టం చేశాక పెద్ద సైట్లు డబ్బాటలు ఆపేశాయి.

అప్పే ఇస్తే బ్యాంకు ద్వారా ఇవ్వండి. 20,000 గానీ అంతకు మించి గానీ నగదుగా అప్పు తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టం కింద తీసుకున్నవాడి మీద అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. ఆయన అడిగింది సరిగ్గా 20,000! ప్రామిసరీ నోటు రాయించుకుంటే మూడేళ్ళలోపు దావా వెయ్యాలి. ఖాళీ చెక్కు చేతిలో ఉందని ధీమా వద్దు. బౌన్సయ్యాక 30 రోజుల్లో నోటీసు, కట్టడానికి 15 రోజుల గడువు, ఆ తర్వాత నెలలోపు కేసు. అన్నీ సరిగ్గా చేసినా, అది పేకాట బాకీ అని అవతలివాడు నమ్మదగ్గ ఆధారం చూపిస్తే చెక్కు బౌన్స్ కేసు (సెక్షన్ 138) నిలబడటం కష్టం.

ముక్కల_మూర్తి:
ఏటండీ, అందరూ టోర్నమెంటే మాట్లాడతారు. టేబుల్ మీద ఇచ్చే చిప్పుల (పందెం బిళ్ళల) అప్పు ఇంతకంటే చెడ్డది. పక్కోడికి 10,000 ఇచ్చారు, గంటలో అవే 10,000 మీరే గెలిచారు. వచ్చింది మీ డబ్బే. గెలుపంతా వాడి బాకీలో ఉంది, రేపు వాడు క్లబ్బుకి రావడం మానేస్తే అంతే సంగతులు. పైగా మీ స్టేక్‌తో ఆడేవాడు మీ టేబుల్ మీదే కూర్చుంటే, ఆ సంగతి మిగతావాళ్ళకి చెప్పి తీరాలి. ఒకసారి మీరు పందెం పెంచినప్పుడు (రెయిజ్) వాడు ముక్కలు వదిలేస్తే (ఫోల్డ్) చాలు, కుమ్మక్కంటారు.

సిరిపురం_సెవెన్:
అప్పు వద్దనుకున్నాను. వాటా తీసుకుంటే ఏమని రాసుకోవాలి?

రివర్_రాజా:
కోర్టు కోసం కాదు, తర్వాత మాట మారకుండా. గ్రూపులో ఇలా పెట్టి, ఆయనతో "సరే" అనిపించండి:

"ఎంట్రీ 50,000. నా వాటా 30 శాతం, ఇచ్చింది 18,000. ఒక్క బుల్లెట్‌కే. రీఎంట్రీ చేస్తే అది నీ సొంతం, అందులో వచ్చేదీ నీదే. ఆడకపోతే మర్నాడే 18,000 వాపసు. వాటా టీడీఎస్ పోయాక చేతికొచ్చిన ప్రైజు మీద, 3 రోజుల్లో. ప్రయాణం, రూమ్ ఖర్చు నీది. ఎంట్రీ రసీదు, ప్రైజు స్లిప్పు ఫొటోలు అదేరోజు. ఫైనల్ టేబుల్‌లో డీల్ (మిగిలినవాళ్ళు ప్రైజు పంచుకునే ఒప్పందం) చేసుకుంటే డీల్‌లో వచ్చిన మొత్తం మీదే లెక్క."

టీడీఎస్ మాట మాత్రం వదలొద్దు. 4,00,000 గెలుపు మీద 30 శాతం కోస్తే చేతికి 2,80,000. మీ వాటా 84,000. ఆ మాట రాయకపోతే మీరు 1,20,000 వస్తుందని ఎదురుచూస్తుంటారు. కోసిన పన్ను ఆయన పాన్ మీదే పడుతుంది, మీ రిటర్నులో చూపించుకోలేరు.