కేడెన్స్ సెన్సర్ బిగించాను, మధ్యలో సున్నా చూపిస్తోంది. ఏం చేయాలి?

పాతచక్రం
అందరికీ నమస్కారం. నెల నుంచి సైకిల్‌ని ఇంట్లోనే ట్రైనర్ (సైకిల్‌ని ఉన్నచోటే పట్టి ఉంచే స్టాండు) మీద పెట్టి తొక్కుతున్నాను. నిమిషానికి పెడల్ ఎన్ని చుట్లు తిరుగుతోందో తెలియాలని కేడెన్స్ సెన్సర్ తెచ్చుకున్నాను. అయస్కాంతం అక్కర్లేని రకం. ఎడమ క్రాంక్‌కి, అంటే పెడల్ బిగించి ఉండే కడ్డీకి, లోపలివైపు రబ్బర్ బ్యాండుతో కట్టాను. మొదటి పది నిమిషాలు బాగానే ఉంటుంది. తర్వాత ఫోన్ యాప్‌లో అంకె కాసేపు అక్కడే ఆగిపోయి, ఒక్కసారిగా సున్నాకి పడిపోతుంది. నిన్నయితే మామూలుగా తొక్కుతుంటే 170 చూపించింది. నిలబడి తొక్కినప్పుడు సన్నగా టక్ టక్‌మని శబ్దం కూడా వస్తోంది. సెన్సర్ పాడైందా, నేను కట్టడంలో తప్పుందా? ఇలాంటిది ఎవరికైనా ఎదురైందా?

ఎత్తుపల్లం
ముందు ఆ టక్ టక్ సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. క్రాంక్ తిరిగేటప్పుడు సెన్సర్ ఫ్రేమ్‌కి తగులుతోందని నా అనుమానం. పెడల్‌ని చేత్తో వెనక్కి మెల్లగా తిప్పుతూ, వెనక చక్రం వైపు వెళ్లే గొట్టం పక్కన వంగి చూడండి. సెన్సర్‌కీ గొట్టానికీ మధ్య ఎంత ఖాళీ ఉందో తెలుస్తుంది. నా సైకిల్‌కి చేత్తో తిప్పితే తగిలేది కాదు, నిలబడి బలంగా తొక్కితే తగిలేది. బరువు పడినప్పుడు క్రాంక్, ఫ్రేమ్ రెండూ కాస్త వంగుతాయి మరి. వెంట్రుకవాసి ఖాళీ ఉంటే సరిపోదు, కొన్ని మిల్లీమీటర్లు కనిపించాలి. సెన్సర్‌ని క్రాంక్ పొడవునా పైకీ కిందికీ జరిపి ఎక్కడ ఎక్కువ ఖాళీ దొరుకుతుందో చూడండి. అది సైకిల్‌ని బట్టి మారుతుంది.

అయస్కాంతం లేని రకం లోపల కదలికను పసిగట్టే చిన్న చిప్ ఉంటుంది. అది క్రాంక్‌తో ఒకే ముక్కలా తిరగాలి. బ్యాండు వదులై సెన్సర్ ఊగిందంటే ఆ ఊపు కూడా లెక్కలో కలుస్తుంది. మీ 170 అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు.

మూడోగేరు
ఎత్తుపల్లం గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. లోపలివైపు చోటు లేదని నేను బయటివైపు కట్టాను, రెండో రోజుకే షూ మడమ రాసుకుని బ్యాండు తెగిపోయింది. ఇప్పుడు లోపలివైపే రెండు జిప్ టైలు (లాగి బిగించే ప్లాస్టిక్ పట్టీలు), సెన్సర్ కింద పల్చని రబ్బరు ముక్క. ఏడాదిగా కదల్లేదు. జిప్ టై తోక కత్తిరించేటప్పుడు మొనతేలకుండా చూసుకోండి, కాలికి గీసుకుంటుంది.

ఇంటిరైడర్
నాది అయస్కాంతం రకం, ఎక్సర్‌సైజ్ బైక్ మీద. క్రాంక్ మీది అయస్కాంతం సెన్సర్ ఎదురుగా వచ్చినప్పుడల్లా ఒక చుట్టు లెక్కేస్తుంది. నాకు అంకె సరిగ్గా రెట్టింపు వచ్చేది. 80 ఉండాల్సిన చోట 160. వారం రోజులు యాప్ తీసేసి మళ్లీ వేస్తూ కూర్చున్నాను. చివరికి టార్చ్ వేసి చూస్తే ఆ బైక్ క్రాంక్‌కి తయారీలోనే ఒక అయస్కాంతం ఉంది! నేను అంటించింది రెండోది. నాది తీసేసి, సెన్సర్‌ని పాత అయస్కాంతానికి ఎదురుగా రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో పెట్టాను. అంతే, సరిపోయింది. ఎక్సర్‌సైజ్ బైక్ ఉన్నవాళ్లు ముందు అది చూసుకోండి.

రాత్రిపూటతొక్కుడు
పాతచక్రం అన్నా, సున్నాకి పడిపోవడం మాత్రం వేరే జబ్బులా ఉంది. ఫోన్ ఎక్కడ పెడతావు? ఆ సెన్సర్‌ని ఇంతకుముందు వేరే ఫోన్‌కి కలిపావా? బ్లూటూత్‌లో చాలా సెన్సర్లు ఒకసారికి ఒక్కదానికే దొరుకుతాయి. పాత ఫోన్‌లో యాప్ తెరిచి ఉంటే అది లాక్కుంటుంది. ఇంకోటి, ఫోన్ బ్లూటూత్ సెట్టింగుల్లోకి వెళ్లి కలపకూడదు, తొక్కే యాప్ లోపలి నుంచే కలపాలి. సెట్టింగుల్లో ఉంటే అక్కడ తీసెయ్.

కంప్యూటర్‌తో తొక్కేవాళ్లకి ఒక మాట. యాంట్ ప్లస్ (బ్లూటూత్ లాంటిదే, సెన్సర్లు వాడే ఇంకో వైర్‌లెస్ పద్ధతి) రిసీవర్‌ని కంప్యూటర్ వెనక గుచ్చి వదిలేస్తే మధ్యలో సిగ్నల్ పోతుంది. యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు వేసి దాన్ని క్రాంక్ దగ్గరికి తెచ్చుకోండి. యాంట్ ప్లస్, బ్లూటూత్, చాలా వైఫైలు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి. పైగా సెన్సర్ ఎడమవైపు, కంప్యూటర్ కుడివైపు ఉంటే మధ్యలో మన కాళ్లే అడ్డు. ఒంట్లోని నీరు ఆ సిగ్నల్‌ని బాగా తాగేస్తుంది.

చెమటధార
బ్యాటరీ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎక్కువ సెన్సర్లలో ఉండేది సీఆర్2032 బిళ్ల. పిల్లలు నోట్లో పెట్టుకోకుండా కొన్ని బిళ్లలకి చేదు పూత వేస్తారు. ఆ పూత వల్ల కొన్ని పరికరాల్లో కాంటాక్ట్ సరిగ్గా అందదు. నాకు కొత్త బ్యాటరీ వేసినా సెన్సర్ లేవలేదు. దూదికి స్పిరిట్ అద్ది అంచు తుడిచి వేస్తే లేచింది. మూత లోపలి రబ్బరు రింగు గాడిలో సరిగ్గా కూర్చుందో లేదో కూడా చూడండి. ఇంట్లో తొక్కితే చెమట నేరుగా కిందికే కారుతుంది, ఉప్పునీరు లోపలికి పోతే రాగి పచ్చబడి పాడవుతుంది. వేగానికైనా కేడెన్స్‌కైనా వాడుకునే టూ ఇన్ వన్ రకాల్లో కొన్నింటికి బ్యాటరీ తీసి వేస్తే ఒకదాని నుంచి ఇంకోదానికి మోడ్ మారిపోతుంది. అదొకటి గుర్తుంచుకోండి.

పాతచక్రం
అందరికీ చాలా చాలా థాంక్స్. నిన్న సాయంత్రం కూర్చుని అన్నీ చూశాను. గొట్టం మీద గోరంత మేర పెయింట్ లేచిపోయి, కింద లోహం మెరుస్తోంది. సెన్సర్ అంచు కూడా అరిగింది. తగులుతున్న మాట నిజమే. క్రాంక్ మీద రెండు వేళ్లంత జరిపాను, రబ్బరు ముక్క పెట్టి జిప్ టైలతో బిగించాను. నిలబడి తొక్కినా శబ్దం లేదు. పక్కగదిలో పాత ఫోన్‌లో యాప్ ఇంకా తెరిచే ఉంది! మూసేశాను. నలభై నిమిషాలు తొక్కితే ఒక్కసారి కూడా సున్నా రాలేదు.

అంకె నమ్మొచ్చో లేదో అని కుడి మోకాలు పైకి వచ్చినప్పుడల్లా లెక్కపెట్టాను. 15 సెకన్లలో 22 సార్లు, అంటే నిమిషానికి 88. స్క్రీన్ మీద 87, 88 మధ్య ఆడింది. ఎంత హాయిగా అనిపించిందో!

ఇంకో సందేహం. అందరూ 90 అంటారు, నాకు 75 దగ్గర సుఖంగా ఉంటుంది. బలవంతంగా పెంచాలా?

ఎత్తుపల్లం
బలవంతం వద్దండి. పవర్ మారకుండా 60 నుంచి 90కి వెళ్తే ప్రతి తొక్కుకీ పెట్టే బలం మూడో వంతు తగ్గుతుంది, కండలకి ఊరట. కానీ గుండె, ఊపిరి ఎక్కువ పనిచేస్తాయి. నేనైతే రోజూ ఐదు నిమిషాలు మామూలు కంటే ఐదు చుట్లు ఎక్కువ తిప్పేవాణ్ణి. సీటు మీద ఎగురుతున్నట్టు అనిపిస్తే అక్కడితో ఆపండి. నాకు 70 నుంచి 85కి రావడానికి రెండు నెలలు పట్టింది.

మూడోగేరు
స్మార్ట్ ట్రైనర్ (యాప్‌కి తనే అంకెలు పంపే రకం) అయితే యాప్‌లో కేడెన్స్ దగ్గర సెన్సర్ పేరే ఎంచుకున్నారో లేదో చూడండి. కొన్ని ట్రైనర్లు ప్రతి తొక్కుకీ బలం పెరిగి తగ్గే తీరును బట్టి సొంతంగా ఒక అంకె ఊహించి పంపుతాయి. నెమ్మదిగా తొక్కేటప్పుడు, ఒక్కసారిగా వేగం పెంచినప్పుడు అది తడబడుతుంది.

పాతచక్రం
చూశానండి, ట్రైనర్ పేరే ఉంది! ఇప్పుడే మార్చాను. రేపు పొద్దున తొక్కి ఇక్కడే రాస్తాను.