తెలుగు సీఎస్‌వీ ఎక్సెల్‌లో పాడవుతోంది, లైనక్స్‌లో పేర్లు కలవడం లేదు: ఎడిటర్‌లో ఏం మార్చాలి?

వంశధార_డేటా, శ్రీకాకుళం:
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మండలాల పేర్లతో తెలుగులో ఒక సీఎస్‌వీ (కామాలతో కాలమ్‌లు విడదీసిన టెక్స్ట్ ఫైల్) తయారవుతోంది. ఇక్కడ విండోస్, నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ ఎడిటర్. విజయనగరంలో ఉబుంటు లైనక్స్, వీఎస్ కోడ్ ఎడిటర్. ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు బదులు నెత్తిన గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఎ’, పక్కన డిగ్రీ గుర్తు, ఇవే వరసగా వస్తున్నాయి. ఉబుంటులో జాయిన్ కమాండ్ (ఒకే పేరున్న లైన్లను రెండు జాబితాల నుంచి కలిపేది) ఇస్తే చివరి కాలమ్‌లోని ‘టెక్కలి’ ఇంకో జాబితాలోని ‘టెక్కలి’తో కలవడం లేదు. చూపుకి రెండూ ఒక్కటే. ఇది ఏటండీ? ఫైల్ పోయినట్టేనా?

బొబ్బిలి_టెర్మినల్:
పోలేదండీ, కానీ ఎక్సెల్‌లో అలా కనిపిస్తున్నప్పుడు మాత్రం సేవ్ నొక్కకండి. తెలుగు అక్షరమైనా గుణింతపు గుర్తైనా యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే ఒక పద్ధతి, అంటే ఎన్‌కోడింగ్) 3 బైట్లు. హెక్స్ అంకెల్లో మొదటిది ఎప్పుడూ ఈ0 (E0), రెండోది బీ0 (B0) లేదా బీ1 (B1). ఎక్సెల్ వాటిని విండోస్-1252 (తెలుగు లేని పాత ఎన్‌కోడింగ్) అనుకొని చదివితే ఈ0 గీత ఉన్న ‘ఎ’గా, బీ0 డిగ్రీ గుర్తుగా కనిపిస్తాయి. అంటే బైట్లు క్షేమం, చదవడమే తప్పు. డేటా ట్యాబ్‌లో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ నుంచి తెచ్చుకొని ఫైల్ ఆరిజిన్ 65001 (అంటే యూటీఎఫ్-8) ఎంచుకోండి.

అక్షరాల చోట ప్రశ్నార్థకాలు ఉంటే వేరే సంగతి. తెలుగును ఏఎన్‌ఎస్‌ఐగా (తెలుగుకు చోటు లేని పాత విండోస్ ఎన్‌కోడింగ్) సేవ్ చేశారన్నమాట. పాత కాపీ ఉంటే తప్ప అది తిరిగి రాదు.

ఇక టెక్కలి. ఆ మాట 7 కోడ్‌పాయింట్లు (అక్షరాలు, గుర్తులు కలిపి), 21 బైట్లు. విండోస్ ప్రతి లైను చివర సీఆర్, ఎల్‌ఎఫ్ అనే కనిపించని గుర్తులు రెండూ పెడుతుంది. లైనక్స్ ఎల్‌ఎఫ్ దగ్గరే లైను విడదీస్తుంది కాబట్టి సీఆర్ పేరుకే అంటుకుపోతుంది, 22 బైట్లవుతుంది. జాయిన్ బైట్లు పోలుస్తుంది, మన కన్నుతో దానికి పని లేదు. ‘ఫైల్’ కమాండ్‌కి -k జోడించి చూడండి, సీఆర్‌ఎల్‌ఎఫ్ అని చెబుతుంది.

నాగావళి_కోడ్:
ఎడిటర్ సెట్టింగ్‌లు నేను చెబుతాను. నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌లో సెట్టింగ్స్, ప్రిఫరెన్సెస్, న్యూ డాక్యుమెంట్. అక్కడ ఫార్మాట్ యూనిక్స్ ఎల్‌ఎఫ్, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8, ‘అప్లై టు ఓపెన్డ్ ఏఎన్‌ఎస్‌ఐ ఫైల్స్’ టిక్. ఈ టిక్ వదిలేయకండి: ఇంగ్లిష్ అక్షరాలు మాత్రమే ఉన్న ఫైల్‌ని అది ఏఎన్‌ఎస్‌ఐ అనుకుంటే, తర్వాత మీరు అందులో తెలుగు టైప్ చేసినప్పుడే దెబ్బ పడుతుంది.

ఇందులో ఫార్మాట్ సెట్టింగ్ కొత్త ఫైళ్లకే. పాతదాన్ని ఎడిట్ మెనూలోని ఈఓఎల్ (లైను ముగింపు) కన్వర్షన్‌తో మార్చాలి. ఎన్‌కోడింగ్ మెనూలో కింద ఉన్న ‘కన్వర్ట్ టు’ బైట్లనే మారుస్తుంది. పైన ఉన్నవి చదివే తీరును మారుస్తాయి. ముందు పైదానితో తెలుగు సరిగ్గా కనిపించేలా చేసుకొని, ఆ తర్వాతే కన్వర్ట్ చేయండి.

వీఎస్ కోడ్‌లో యూటీఎఫ్-8 డిఫాల్ట్‌గానే ఉంటుంది. ‘ఫైల్స్: ఈఓఎల్’ దగ్గర బ్యాక్‌స్లాష్ ఎన్ (అంటే ఎల్‌ఎఫ్) పెట్టండి. తెరిచిన ఫైల్‌కి కింది పట్టీలో సీఆర్‌ఎల్‌ఎఫ్ అని ఉంటే దాని మీద నొక్కి ఎల్‌ఎఫ్ చేసి సేవ్ చేయాలి.

వంశధార_డేటా:
ఎల్‌ఎఫ్ చేశాక జాయిన్ కలిసింది, ధన్యవాదాలండీ. రోజూ ఎక్సెల్‌లో ఇంపోర్ట్ చేయడం మా వాళ్లకి కష్టం. యూటీఎఫ్-8 బామ్‌గా (ఫైల్ మొదట్లో ఎన్‌కోడింగ్ తెలిపే 3 బైట్ల గుర్తుతో) సేవ్ చేస్తే సరిపోతుందా?

బొబ్బిలి_టెర్మినల్:
ఎక్సెల్‌కి సరిపోతుంది, ఆ 3 బైట్లు చూసి యూటీఎఫ్-8 అని గుర్తుపడుతుంది. ఉబుంటులో మాత్రం అవే మొదటి కాలమ్ పేరుకి అంటుకుంటాయి, ‘మండలం’ అన్న పేరుతో పోలిస్తే కలవదు. అసలు ఫైల్ బామ్ లేకుండా ఉంచి, ఎక్సెల్ వాళ్లకి బామ్‌తో వేరే కాపీ ఇవ్వండి. ఆ కాపీలో దిద్దినవి అసలు ఫైల్‌లోనూ దిద్దాలి సుమా.

టెక్కలి_డీటీపీ:
డీటీపీ షాపుల నుంచి వచ్చిన పాత జాబితాలు కలిపేటట్టయితే ఇంకో మాట. అను ఫాంట్లలో కొట్టినవి యూనికోడ్ (ప్రతి అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే ప్రమాణం) కావు, ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టినవి. ఎన్ని ఎన్‌కోడింగ్‌లు మార్చినా తెలుగు రాదు. అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్ వాడి, ఒత్తులు, సున్నాలు ఒక్కో పేరులో చూసుకోండి. ‘ఆమదాలవలస’ లాంటివి సులువుగానే వస్తాయి. ‘నరసన్నపేట’, ‘ఇచ్ఛాపురం’ లాంటి ఒత్తులున్న పేర్ల దగ్గర జాగ్రత్త.