కోనసీమ భూగర్భజలం లెక్క గ్రేస్ ఉపగ్రహాలకు అందుతుందా?

అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నాన్నగారి కొబ్బరితోటలో బోరు నీళ్లు నాలుగేళ్లుగా ఉప్పగా వస్తున్నాయి. చుట్టూ చేపల చెరువులు, బోర్లు పెరిగాయి. నేల కింద ఎంత నీరు తగ్గిందో తెలుసుకోవాలని వెతుకుతుంటే భూమి గురుత్వాకర్షణలో మార్పులు కొలిచే గ్రేస్ అనే జంట ఉపగ్రహాల సంగతి కనపడింది.

2002లో పంపిన ఆ జంట ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరిగేది. కింద బరువు ఎక్కువున్న చోటు దగ్గరపడగానే ముందుదాన్ని అది లాగుతుంది, ఎడం పెరుగుతుంది. తర్వాత వెనకదాని వంతు. ఆ తేడాను మైక్రాన్లలో కొలిచి, నెలనెలా నీటి బరువు ఎంత మారిందో చెబుతారు. వాయవ్య భారతంలో 2002–2008 మధ్య దాదాపు 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయిందని ఇలాగే తేల్చారు. అది చదివాక నిద్ర పట్టలేదండి. 2018 నుంచి దాని తర్వాత వచ్చిన గ్రేస్-ఎఫ్‌ఓ జంట ఆ పని చేస్తోంది.

చిక్కల్లా ఒకటే. ఈ కొలతకు సుమారు 300 కిలోమీటర్ల వెడల్పు కంటే చిన్న ప్రాంతం విడిగా కనపడదట. ధవళేశ్వరం నుంచి అంతర్వేది వంద కిలోమీటర్లు కూడా లేదు, పైగా పక్కనే సముద్రం. అర డిగ్రీ గడులుగా దొరికే మాస్కాన్ డేటాలో (భూమిని ముక్కలుగా విడదీసి ఒక్కోదాని బరువు మార్పు లెక్కించినది) మా గడి విలువ తీసుకుంటే అది నిజంగా డెల్టాదేనా, లేక చుట్టుపక్కల సంకేతం కలిసిపోయిందా? సముద్రం ప్రభావాన్ని ఎలా తీసేయాలి? కాలవల నీరు, వరిచేలల తడి కూడా ఆ బరువులోనే ఉంటాయి కదా, వాటిని దేనితో తీసివేస్తారు?

లేదంటే గోదావరి పరీవాహకం మొత్తానికే దీన్ని వాడి, మా ఊరికి బావుల నీటిమట్టాలే చూడమంటారా? ఈ పని చేసినవాళ్లు దయచేసి చెప్పండి. పైథాన్ కొద్దిగా వచ్చు, మిగతాది నేర్చుకుంటాను.