హామ్ రేడియో యాంటెన్నాను కొలిచే అనలైజర్ పెట్టాల్సింది సెట్ దగ్గరా, యాంటెన్నా దగ్గరా?

డాబా డైపోల్:
డాబా మీద 40 మీటర్ల బ్యాండ్‌కు ఇన్వర్టెడ్ వీ యాంటెన్నా (తలకిందుల V ఆకారంలో రెండు తీగలు) కట్టి నెలైంది. మధ్యలో 30 అడుగుల పైపు, అటూ ఇటూ 33 అడుగుల చొప్పున రాగితీగ, అక్కడి నుంచి సెట్ దాకా 25 మీటర్ల పాత ఆర్‌జీ-58 కోయాక్సియల్ కేబుల్. సెట్ దగ్గర నానోవీఎన్ఏ (చిన్న అనలైజర్) తగిలిస్తే 7.1 మెగాహెర్ట్జ్‌లో ఎస్‌డబ్ల్యూఆర్ (పవర్ ఎంత వెనక్కి తిరిగొస్తోందో చెప్పే అంకె, 1 అయితే ఏమీ రానట్టు) 1.3 చూపిస్తోంది. అయినా నేను పిలిస్తే ఎవరూ పలకడం లేదు. పైన ఫీడ్ పాయింట్ (తీగలకు కేబుల్ కలిసే చోటు) దగ్గర కొలవమని ఒకరన్నారు, అక్కర్లేదని ఇంకొకరు. ఏం చేయమంటారు?

రాగితీగ:
అక్కర్లేదు తమ్ముడూ. సెట్‌కు తెలిసేది కేబుల్ కింది చివరే. పైకెక్కి అనలైజర్ చేత్తో పట్టుకుంటే నీ ఒళ్లు కూడా యాంటెన్నాలో భాగమవుతుంది. పైపు దించి కొలిస్తే తీగ నేలకు దగ్గరై ఇంపెడెన్స్ (ఓమ్స్‌లో కొలిచే ఏసీ నిరోధం) మారిపోతుంది. 1.3 ఉందంటే యాంటెన్నాను వదిలెయ్, బ్యాండ్ బాగున్న వేళ చూసి పిలువు.

గోదారి గాలి:
రాగితీగ గారితో ఇక్కడ నేను ఒప్పుకోను. సెట్ భద్రంగా ఉందా అన్నదొక ప్రశ్న, పవర్ గాల్లోకి వెళ్తోందా అన్నది వేరే ప్రశ్న. కింద తీసిన 1.3 మొదటిదానికే జవాబు. డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు తగిలించే 50 ఓమ్స్ రెసిస్టర్) 1.0 చూపిస్తుంది, దాంతో ఎవరితో మాట్లాడగలం?

కేబుల్‌లో నష్టం ఎక్కువైతే ఎస్‌డబ్ల్యూఆర్ అబద్ధంగా తగ్గుతుంది. పైకి వెళ్లేటప్పుడు కొంత పోతుంది, యాంటెన్నా తిప్పికొట్టింది కిందికి వచ్చేలోపు ఇంకొంత పోతుంది. 3 డీబీ నష్టమున్న (అంటే ఒక వైపు వెళ్లేసరికి పవర్ సగమయ్యే) కేబుల్ పైచివర ఎస్‌డబ్ల్యూఆర్ 3 ఉంటే కింద 1.67 కనిపిస్తుంది. మనం సంతోషిస్తాం, పవర్‌లో సగానికి పైగా కేబుల్‌లోనే వేడైపోతుంది.

ఓమ్స్ సంగతీ అంతే. కేబుల్‌కు సరిపోయే 50 ఓమ్స్ కాని లోడ్‌ను కేబుల్ తన పొడవును బట్టి మార్చి చూపిస్తుంది. కింద ఆర్, ఎక్స్ (ఇంపెడెన్స్‌లోని రెసిస్టెన్స్, రియాక్టెన్స్ భాగాలు) అంకెలు చూసి తీగ కత్తిరించడం మొదలుపెడితే తప్పుదారిలో పడతాం. నేను అలా రెండు అడుగుల తీగ పోగొట్టుకున్నాను.

డాబా డైపోల్ గారూ, ముందు 6.7 నుంచి 7.5 మెగాహెర్ట్జ్ దాకా స్వీప్ చేసి (వరసగా కొలుస్తూ) చూడండి. మంచి కేబుల్ మీద ఆ అంచుల్లో ఎస్‌డబ్ల్యూఆర్ 3 దాటాలి.

డాబా డైపోల్:
చూశాను. ఎక్కడా 2 దాటలేదు! బ్యాండ్‌విడ్త్ బాగుందని మురిసిపోయాను.

గోదారి గాలి:
అనుమానం అక్కడే. పైచివర కేబుల్‌ను యాంటెన్నా నుంచి విప్పి, ఏమీ తగిలించకుండా వదిలేసి కింద రిటర్న్ లాస్ (తిరిగొచ్చిన పవర్ ఎన్ని డీబీ తగ్గిందో) చూడండి. పోయి రావడంలో రెండుసార్లు నష్టపోతుంది కాబట్టి దాన్ని సగం చేస్తే కేబుల్ నష్టం తెలుస్తుంది. మంచి ఆర్‌జీ-58 అయితే 25 మీటర్లకు 7 మెగాహెర్ట్జ్‌లో సుమారు 1 డీబీ, అంటే రిటర్న్ లాస్ 2 దగ్గర ఉండాలి.

రాగితీగ:
ఈ పరీక్ష బాగుంది, కాదనను. కానీ ఇంపెడెన్స్ కోసం ఫీడ్ పాయింట్ దగ్గర కొలవడానికి ఇప్పటికీ ఒప్పుకోను. నా మాట తీసిపారేయకండి.

గోదారి గాలి:
తీసిపారేయడం లేదు సార్. ఒళ్లు తగిలితే అంకె మారుతుందన్నది నిజమే. అందుకే పైకెక్కి పట్టుకోమనను. అదే కేబుల్ పైచివర ఓపెన్ (ఖాళీ చివర), షార్ట్ (పిన్ను, బ్రెయిడ్ కలిపినది), 50 ఓమ్స్ లోడ్ ఒక్కొక్కటే తగిలించి, కింద నానోవీఎన్ఏలో కాలిబ్రేట్ చేయాలి, అంటే కేబుల్ ప్రభావాన్ని లెక్కలోంచి తీసేయాలి. తర్వాత యాంటెన్నా కలిపి పైపు నిలబెట్టి, కిందే కూర్చుని చదవొచ్చు. అప్పుడు తెరమీద కనిపించేవి ఫీడ్ పాయింట్ ఓమ్సే. కేబుల్ తగిలించే ముందు మాత్రం మధ్య పిన్నును బ్రెయిడ్‌కు (కేబుల్ బయటి తీగల అల్లికకు) తాకించి స్టాటిక్ (పేరుకున్న విద్యుత్తు) పోగొట్టండి. చిన్న యంత్రం, తట్టుకోలేదు.

డాబా డైపోల్:
ఇవాళ సాయంత్రం చేశాను. చివర ఏమీ లేకుండా రిటర్న్ లాస్ 7 డీబీ, ఎస్‌డబ్ల్యూఆర్ 2.6. అంటే కేబుల్‌లోనే 3.5 డీబీ! పై కనెక్టర్ కోస్తే బ్రెయిడ్ నల్లబడి, వేలితో రుద్దితే పొడిలా రాలింది. లోపల తడి. టేపు చుట్టకుండా వదిలేశాను, మొన్నటి వానలకు నీళ్లు దిగినట్టున్నాయి. అడుగు కోసినా నలుపే, రెండడుగులు కోసినా నలుపే.

రాగితీగ:
తమ్ముడూ, ఇక కోయకు, ఆ కేబుల్ మొత్తం మార్చెయ్. కొత్తది కట్టేటప్పుడు పైన సెల్ఫ్ ఫ్యూజింగ్ (తనకు తానే అతుక్కునే) టేపు చుట్టి, కిందికి ఒక చిన్న వంపు వదులు, నీళ్లు అక్కడే కారిపోతాయి. ఆ కాలిబ్రేషన్ చేశాక ఎన్ని ఓమ్స్ వచ్చాయో ఇక్కడ పెట్టు. నాకూ చూడాలనుంది.