ఆకురాలే కాలం, ఇంటెడు పని: కాస్త సంతోషం ఎక్కడ వెతుక్కోవాలి?

అందరికీ నమస్కారం.

మేము జూన్ చివర్లో ఈ దేశం వచ్చాం. ఇంట్లో ఆయన, నేను, ఆరేళ్ల పాప, ఏడాదిన్నర బాబు, మామయ్యగారు. మామయ్యగారికి మోకాళ్ల నొప్పులు, ఒక్కరే బయటికి వెళ్లలేరు. వేసవిలో బాగానే గడిచింది. రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుతురుండేది కాబట్టి పనులన్నీ అయ్యాక అందరం కాసేపు బయట కూర్చునేవాళ్లం.

ఇప్పుడు పాపను స్కూల్ నుంచి తీసుకొచ్చి, బాబుకు తినిపించి, మామయ్యగారి మందులు చూసి తలెత్తేసరికి చీకటి పడిపోతోంది. నాకంటూ రోజులో ఏమీ మిగలట్లేదు. నిన్న కిటికీ దగ్గర నిలబడి ఊరికే ఏడ్చేశాను. ఎందుకో నాకే తెలియలేదు. ఈ కాలం చాలా అందంగా ఉంటుందని అందరూ అంటున్నారు. చూడ్డానికి తీరిక ఉంటే కదా!

చిన్నపిల్లలతో, పెద్దవాళ్లతో ఈ రోజులు గడిపినవాళ్లు ఏం చేశారో చెప్తారా? టూర్‌కి వెళ్లి రమ్మని మాత్రం చెప్పకండి, మాకు కుదరదు.

* * *

చెల్లీ,

ముందు ఆ ఏడుపు సంగతి చెప్తాను. మనం పెరిగిన చోట ఏడాదిలో అన్నిటికంటే పెద్ద పగటికీ, చిన్న పగటికీ తేడా రెండు గంటలు. ఇలా ఉత్తరాన, 50 డిగ్రీల అక్షాంశం దగ్గర, అది ఎనిమిది గంటలు. సెప్టెంబర్ 22, 23 ప్రాంతంలో పగలు తరిగే వేగం ఏడాది మొత్తంలోకీ ఎక్కువ. అక్కడ రోజుకు మూడున్నర నుంచి నాలుగు నిమిషాలు పోతుంది. వారం తిరిగేసరికి దాదాపు అరగంట! నీ ఒంటికి ఇది పూర్తిగా కొత్త. దిగులుగా ఉందంటే నీలో ఏదో లోపం ఉందని కాదమ్మా, ఇన్నేళ్ల అలవాటు ఒక్కసారిగా తప్పింది.

నేను వచ్చిన ఏడాది మా పెద్దవాడికి మూడేళ్లు, చిన్నదానికి ఐదు నెలలు. రోజూ కిటికీలోంచి వీధి చివర ఎర్రబడుతున్న చెట్టును చూసి, శనివారం తీరిగ్గా పిల్లల్ని తీసుకెళ్దాం అనుకునేదాన్ని. ఒక శనివారం వాన, ఇంకో శనివారం చిన్నదానికి జ్వరం. మూడో వారంలో ఒక రాత్రి పెద్ద గాలి వీచింది. తెల్లారి చూస్తే కొమ్మలే మిగిలాయి. ఆ చెట్టు కింద ఒక్కసారైనా నిలబడలేకపోయానని నాకు ఎంత బాధ వేసిందో! ఆ తర్వాత శనివారాల కోసం చూడటం మానేశాను.

అప్పటి నుంచి నేను చేస్తున్నది ఒక్కటే. తీరిక కోసం వెతక్కుండా, ఉన్న పనినే వెలుతురు దగ్గరికి జరుపుతాను. ఇంట్లో ఇద్దరు పసివాళ్లు, ఒక పెద్దాయన ఉంటే తీరిక ఎలాగూ దొరకదు. కానీ ఏ పని ఎప్పుడు చేయాలన్నది కొంతవరకు మన చేతిలో ఉంటుంది. గిన్నెలు, రేపటికి కూరగాయలు తరగడం, ఫోన్లు, బిల్లులు, ఇవన్నీ చీకట్లో చేసుకోవచ్చు. బట్టలు మడతపెట్టడం, బాబును ఆడించడం, మామయ్యగారి గోళ్లు తీయడం లాంటివి పదకొండు, రెండు గంటల మధ్యకు తెచ్చి కిటికీ దగ్గర పెట్టుకో. బాబు తోపుడుబండిలో నిద్రపోయే రకమైతే మధ్యాహ్నం నిద్ర బయటే పట్టనివ్వు. వాడు పడుకుంటాడు, నువ్వు నడుస్తావు. మబ్బుగా ఉందని ఆగిపోకు. వెలుతురును లక్స్‌లో కొలుస్తారు. ఇంట్లో లైట్లన్నీ వేసినా ఐదు వందల లక్స్ దాటడం కష్టం. మబ్బు పట్టిన పగలు కూడా బయట వేలల్లో ఉంటుంది. మన కంటికి ఆ తేడా తెలియదు, ఒంటికి తెలుస్తుంది.

ఇక చెట్ల సంగతి. అడవులకు వెళ్లక్కర్లేదు. స్కూల్ దారిలో ఒక్క చెట్టును మీ చెట్టు అనుకోండి. రోజూ వెళ్లేటప్పుడో వచ్చేటప్పుడో అక్కడ ఒక నిమిషం ఆగండి, పాప ఒక ఆకు ఏరుకుంటుంది. తేదీ వేసి రెండు కాగితాల మధ్య పెట్టి, మీద బరువైన పుస్తకం ఉంచితే వారం పది రోజుల్లో ఎండిపోతుంది. మా ఇంట్లో ఆరేళ్ల ఆకులున్నాయి. ఒకే చెట్టు సెప్టెంబర్ చివరి ఆకు నుంచి నవంబర్ ఆకు వరకు వరసగా పరిస్తే, ఆ నెలన్నర మన కళ్ల ముందు నడిచి వెళ్తుంది.

పాప తప్పకుండా అడుగుతుంది, ఆకులు ఎందుకు రంగు మారుతున్నాయని. ఇలా చెప్పు: పసుపు ఎండాకాలం అంతా ఆకు లోపలే ఉంది, పైన ఆకుపచ్చ కప్పేసింది. పగలు తగ్గేసరికి చెట్టు ఆ పచ్చదనాన్ని విడగొట్టి, పనికొచ్చే సరుకును కొమ్మల్లోకి లాగేసుకుంటుంది, దాగిన పసుపు బయటపడుతుంది. ఎరుపు మాత్రం అలా దాగి ఉన్నది కాదు, చాలా చెట్లు దాన్ని ఈ రోజుల్లోనే కొత్తగా తయారుచేస్తాయి. పగలు మంచి ఎండ, రాత్రి గడ్డకట్టనంత చలి ఉంటే ఎరుపు బాగా తేలుతుంది. ఇది విన్నాక మా వాడు రోజూ పొద్దున్నే వాతావరణం చూసి, ఈ రాత్రికి ఎరుపు పెరుగుతుందో లేదో చెప్పేవాడు.

మీ దారిలో విసనకర్ర ఆకారపు ఆకుల గింకో చెట్టు ఉంటే దాన్ని కనిపెట్టుకుని ఉండు. మిగతా చెట్లు వారాల తరబడి రాలుస్తాయి. అది రాత్రి బాగా గడ్డకట్టే చలి వేసిన ఏ పొద్దున్నో దాదాపు అన్నీ ఒక్క రోజులోనే రాల్చేస్తుంది. గాలి లేకపోయినా పసుపు వానలా పడుతూనే ఉంటుంది. ఆ రోజు స్కూల్‌కి ఐదు నిమిషాలు ఆలస్యమైతే కానివ్వు. కట్సురా అనే చెట్టు గుండ్రటి ఆకులు రాలేటప్పుడు కాల్చిన చక్కెర వాసన వేస్తాయి. నేను ఆ వాసన ఎక్కడిదో తెలియక రెండేళ్లు వెతికాను.

నాకెప్పుడూ ఆశ్చర్యంగా ఉండే విషయం ఒకటి. ఈ కాలాన్ని తెలుగులో శరదృతువు అని రాస్తాం. కానీ మన లెక్కలో శరత్తు అంటే తేటపడిన ఆకాశం, వెన్నెల. ఆకులు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. ఇక్కడ ఆ రెండూ ఒకేసారి వస్తాయి. చెట్టు కింద చూస్తే శిశిరం, తలెత్తితే శరత్తు. అందుకే మొదట్లో మనసు దేనికి సర్దుకోవాలో తెలియక తికమకపడుతుందేమో.

చీకటి త్వరగా పడటంలో కూడా ఒక మేలుంది. ఎండాకాలంలో చుక్కలు వచ్చేసరికి పిల్లలు పడుకునేవారు. ఇప్పుడు అన్నం తినకముందే చుక్కలు చూడొచ్చు. నవంబర్‌లో సాయంత్రం చీకటి పడ్డాక తూర్పు వైపు చూడండి, చిన్న గుత్తిలా కృత్తికలు కనిపిస్తాయి. మన పెద్దవాళ్లు పిల్లలకోడి అనేది వాటినే. మామయ్యగారిని అడుగు, ఆయనకు తెలిసే ఉంటుంది.

బాబు, మామయ్యగారి విషయంలో మూడు జాగ్రత్తలు. రాలిన గింజలు నోట్లో పెట్టుకోకుండా చూడు. గడ్డిలో మొలిచే పుట్టగొడుగులు ఎవరూ ముట్టుకోవద్దు. తడిసిన ఆకులు నూనె రాసినట్టు జారతాయి, మామయ్యగారిని వాటి మీద నడవనివ్వకు.

* * *

అమ్మా, అక్కగారు చెప్పినదానికి ఒక మాట కలుపుతాను. మీ మామయ్యగారి గురించి.

మా నాన్నగారికి పక్షవాతం వచ్చాక నాలుగేళ్లు మా దగ్గరే ఉన్నారు. చలి మొదలయ్యాక ఆయన్ని బయటికి తీసుకెళ్లడం పెద్ద పని. కోటు, మేజోళ్లు, టోపీ, చక్రాల కుర్చీ, అన్నీ సర్దేసరికి ఆయన అలసిపోయేవారు. దాంతో మొదటి ఏడాది దాదాపు ఇంట్లోనే ఉంచేశాను. ఆయన మాటలు తగ్గిపోయాయి. దానికి కారణం జబ్బేనని అనుకున్నాను. నేను చేసిన పొరపాటు అది.

తర్వాత ఏడాది ఒక సంగతి గమనించాను. మాకు దక్షిణం వైపు ఒక కిటికీ ఉంది. ఎండాకాలంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు బాగా ఎత్తున ఉంటాడు కాబట్టి ఎండ కిటికీ కిందే ఆగిపోయేది. ఇప్పుడు సూర్యుడు కిందికి దిగుతాడు. 50 డిగ్రీల అక్షాంశం దగ్గర సెప్టెంబర్ చివర్లో మధ్యాహ్నం దాదాపు 40 డిగ్రీల ఎత్తులో ఉండేవాడు, నవంబర్ చివరికి ఇరవై లోపే. అందుకని ఎండ గది మధ్యదాకా, ఒక్కోసారి ఎదురు గోడదాకా వచ్చి పడుతుంది. ఎండాకాలంలో ఎప్పుడూ ఎండ చూడని మూలకు ఈ చలిరోజుల్లో ఎండ వస్తుంది!

నాన్నగారి కుర్చీని అక్కడికి మార్చాను. ఆయన ఒకరోజు నేల మీద ఎండ ఎక్కడిదాకా వచ్చిందో చూపించి, అక్కడ టేప్ అతికించమన్నారు. వారానికొకసారి అదే వేళకు చూడటం మొదలుపెట్టాం. ఎండ ప్రతి వారం ఇంకొంచెం లోపలికి వచ్చేది. మబ్బు పట్టిన వారం ఆయన మర్నాటి కోసం, ఆ మర్నాటి కోసం ఎదురుచూసేవారు. డిసెంబర్ మూడో వారంలో అది ఆగి, తర్వాత మెల్లగా వెనక్కి వెళ్లడం మొదలైంది. ఆ రోజు ఆయన నాకు ఫోన్ చేసి, ఆఫీసులో ఉన్నానని తెలిసి కూడా, "వెనక్కి తిరిగింది రా" అని చెప్పారు. ఆ టేపు ముక్కలు ఇప్పటికీ మా నేల మీదే ఉన్నాయి.

మీ ఇంట్లో ఎండ ఎటు నుంచి వస్తుందో ఒక ఆదివారం గంటకోసారి చూడండి. మామయ్యగారి కుర్చీ అక్కడ వేయండి. కిటికీ ముందు చెట్టు ఉంటే ఇంకా మంచిది, ఆకులు రాలేకొద్దీ గదిలో వెలుతురు పెరుగుతుంది. ఆయనకు చూడ్డానికి ఏదో ఒకటి ఉంటే మీకు కూడా మనసు తేలికపడుతుంది.

* * *

రెండు పనికొచ్చే మాటలు నా నుంచి.

గడియారం వెనక్కి తిప్పే రోజు వస్తోంది. యూరప్‌లో అక్టోబర్ చివరి ఆదివారం, అమెరికా, కెనడాల్లో ఎక్కువ చోట్ల నవంబర్ మొదటి ఆదివారం. ఆ రోజు నుంచి సాయంత్రం చీకటి ఒక్కసారిగా గంట ముందుకొస్తుంది, పసిపిల్లలు గంట ముందే లేచి కూర్చుంటారు. అంతకు నాలుగైదు రోజుల ముందు నుంచే బాబును రోజూ ముందు రోజు కంటే పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా పడుకోబెడితే ఆ వారం టెన్షన్ చాలా తగ్గుతుంది.

రెండోది, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. చీకటి రోజుల్లో కాస్త దిగులుగా ఉండటం వేరు. రెండు వారాలు దాటినా రోజంతా అలాగే ఉండటం, దేని మీదా మనసు పోకపోవడం, నిద్ర, ఆకలి బాగా మారిపోవడం వేరు. కాలంతో పాటు వచ్చే ఈ డిప్రెషన్‌ను నార్మన్ రోసెంతాల్ అనే డాక్టర్, ఆయన సహచరులు 1984లోనే వివరించారు, చికిత్స కూడా ఉంది. కొందరికి పొద్దున పూట పది వేల లక్స్ దీపం ముందు అరగంట కూర్చోమని చెప్తారు. కళ్ల జబ్బులు, బైపోలార్ (మనసు అతి ఉత్సాహానికీ, కుంగుబాటుకీ మధ్య ఊగే జబ్బు) లాంటివి ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు. మీరు ఏడాదిన్నర బిడ్డ తల్లి కూడా, ఆ మాట డాక్టర్‌కి చెప్పండి. చలికాలపు వాలు ఎండలో ఒంట్లో విటమిన్ డి సరిగా తయారవదు కాబట్టి ఇంటిల్లిపాదికీ విటమిన్ డి సంగతి కూడా డాక్టర్‌ని అడగండి. ఇంటి పనంతా అయ్యాక చూద్దాం అనుకోకుండా ముందే అపాయింట్‌మెంట్ తీసుకోండి.

* * *

అందరికీ నమస్కారం. నెల దాటింది కదా, ఏమైందో రాద్దామని.

డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చాను. కాస్త రక్తం తక్కువగా ఉందన్నారు, మందులు వాడుతున్నాను. బట్టలు ఇప్పుడు మధ్యాహ్నమే మడతపెడుతున్నాను, మామయ్యగారు కిటికీ దగ్గర కూర్చుని మేజోళ్ల జతలు కలుపుతారు. బాబు వాటిని విడగొడతాడు. ఆ పని ఇంతకుముందు కంటే ఆలస్యంగా అవుతోంది, కానీ ఆ అరగంట కోసం నేను పొద్దున నుంచీ ఎదురుచూస్తున్నాను. పాప ఆకులు పందొమ్మిది అయ్యాయి. మా చెట్టు మొన్న పూర్తిగా రాలిపోయింది. ఆ రోజు మేం దాని కిందే ఉన్నాం. బాబు ఆకుల కుప్పలోంచి బయటికి రానన్నాడు, వాడు వచ్చేదాకా నేనూ పక్కనే కూర్చున్నాను.

అక్కా, పిల్లలకోడి అన్న మాట మామయ్యగారికి చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. ఆయన చిన్నప్పుడు వాళ్ల అమ్మగారు చూపించేవారట. నిన్న ఆకాశం తేటగా ఉంటే ఆయన్ని పట్టుకుని గుమ్మం దాకా తీసుకెళ్లాం. ఆయన చూపుకు అక్కడ ఏదో మసకగా ఉందనే తెలుస్తోంది. అయినా వేలు పెట్టి సరిగ్గా అటే చూపించారు. పాప లెక్కపెట్టి ఆరు అంది. ఇంకోటి ఉండాలి, చూడు అన్నారాయన. చలిగా ఉంది, లోపలికి రండి అని నేనంటుంటే, ఇద్దరూ వినకుండా ఆ ఏడో పిల్ల కోసం వెతుకుతూనే ఉన్నారు.